ఇచ్చిన నమూనా

హాస్టల్లో మాకు పేర్లు లేవు, ఊర్లే. మూడో అంతస్తులో చివరి గది మాది. కిటికీ పక్క మంచం జమ్మలమడుగు, తలుపు పక్కది పులివెందుల, మధ్యలో ప్రొద్దుటూరు, అంటే నేను. 2017లో ముగ్గురం బి.ఫార్మసీలో చేరాం. మా నాయన బంగారు అంగట్లో గుమాస్తా. జమ్మలమడుగు వాళ్ళ నాయనది నాపరాళ్ళ పాలిష్ మిషను దగ్గర పని. పులివెందుల వాళ్ళకు నాలుగెకరాల చీనీ తోట, దానికి తగినంత అప్పు.

మొదటి సెమిస్టర్లో మొదటి సబ్జెక్టు హ్యూమన్ అనాటమీ అండ్ ఫిజియాలజీ. టార్టొరా పుస్తకం ముగ్గురికీ కలిపి ఒకటే కొన్నాం. ఎముకలు 206 అని చదవడం సులభం, పేర్లు పట్టుబడడమే కష్టం. రాత్రిపూట ఒకరి భుజం ఒకరు తడుముకుంటూ క్లావికల్, స్కాపులా, హ్యూమరస్ అని వల్లె వేసేవాళ్ళం. పులివెందుల సెలవులకు ఇంటికి పోయి వాళ్ళ జేజి మోకాలు పట్టుకుని "ఇది పటెల్లా జేజీ" అంటే, ఆమె "మోకాటి చిప్ప అని ఎనభై ఏండ్ల నుంచి అంటాండాం గదే, దానికి ఫీజు కట్టినావా?" అనిందంట. ఆ రోజు నుంచి మేము ప్రతి ఎముకకూ ఇంటి పేరు కూడా రాసుకున్నాం. జబ్బ, చీలమండ, దవడ, వెన్నుపూస. అట్లా రాసుకున్నవి నేను ఇప్పటికీ మర్చిపోలేదు.

గదిలో ఎప్పుడూ ఒక పోటీ నడిచేది. జమ్మలమడుగు తాను క్యాంబెల్ ఆస్పత్రిలో పుట్టినానని గొప్ప చెప్పుకునేది. లండన్ మిషన్ వాళ్ళు దొరల కాలంలో పెట్టిన ఆస్పత్రి అది. వెంటనే పులివెందుల అందుకునేది: "మా రాజశేఖరరెడ్డి డాక్టరుగా పనిచేసింది ఆడనే గదా. మీ ఊర్లో చెయ్యి తిప్పుకోని, 1973లో మా ఊరికొచ్చి వాళ్ళ నాయన పేరుతో 70 మంచాల ఆస్పత్రి కట్టినాడు." ఎంత వాదించుకున్నా చివరికి జమ్మలమడుగు ఒక మాట అనేది, దాంతో గది నిశ్శబ్దమయ్యేది. "నన్ను కన్నప్పుడు మా అమ్మకు రక్తం శానా పోయిందంట. ఎవురో ముక్కూ మొగం తెలీనోళ్ళు రెండు బాటిళ్ళు ఇచ్చినారు. పద్దెనిమిది నిండినాక నేను తిరిగి ఇయ్యాల మే."

ఫిజియాలజీ మేడమ్ అంటే మాకు ప్రాణం. ఆమె చెప్పిన రక్తం పాఠం నాకింకా చెవుల్లో ఉంది. ఎర్ర కణం బతికేది 120 రోజులు. సెకనుకు 20 లక్షల కణాలకు పైగా రాలిపోతాయి, అన్నే కొత్తవి మూలుగలో పుట్టుకొస్తాయి. ఒక్కో కణంలో దాదాపు 28 కోట్ల హీమోగ్లోబిన్ అణువులు, ఒక్కో అణువులో నాలుగు ఇనుప పరమాణువులు, ఒక్కో ఇనుముకూ ఒక ఆక్సిజన్ తగులుకుంటుంది. ఇంత చెప్పి ఆమె స్టూలు మీద కూర్చుని, కాసేపు ఊపిరి తీసుకుని, యల్లాప్రగడ సుబ్బారావు గారి కథ ఎత్తుకుంది. 1895లో భీమవరంలో పుట్టిన మనిషి. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు తొడుక్కున్నందుకు సర్జరీ ప్రొఫెసరుకు కంటగింపై, ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో బయటికొచ్చాడు. అమెరికా పోకముందు మద్రాసులో లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో పిల్లలకు అనాటమీ చెప్పాడు. ఇద్దరు అన్నదమ్ములు స్ప్రూ జబ్బుతో రోజుల తేడాలో పోయారు. ఆ జబ్బుకు పనికొచ్చే ఫోలిక్ యాసిడ్‌ను ఎన్నో ఏళ్ళ తర్వాత లెడర్లీ ప్రయోగశాలలో తయారుచేసింది ఆయన బృందమే.

"మీకు హైస్కూల్లో వారానికొక నీలం బిళ్ళ ఇచ్చింటారు. 100 మిల్లీగ్రాముల ఇనుము, దాంతోపాటు ఈయన ఫోలిక్ యాసిడ్. అందరూ మింగినారా?"

మింగినాం మేడమ్ అని క్లాసంతా అరిచింది. మేం ముగ్గురం ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. కడుపులో తిప్పుతుందని నా బిళ్ళలు నేను బడి గోడ అవతలికి విసిరేసేదాన్ని. మిగిలిన ఇద్దరూ అదే చేశారని ఆ రాత్రే తెలిసింది.

ఆ రోజుల్లో మాకు కొన్ని అలవాట్లుండేవి. పులివెందుల పెట్టెలో బట్టల కింద పచ్చి బియ్యం మూట ఉండేది. చదువుకుంటూ పిడికెడు నోట్లో వేసుకునేది. బియ్యం బొక్కితే పెళ్ళిలో వాన పడుతుందని మేము బెదిరిస్తే, వాళ్ళ జేజి మాట చెప్పేది: "తిననీండి, ఆ పేరుతోనన్నా మన సీమలో ఒక వాన పడనీ." జమ్మలమడుగుకు బలపాలు. నాకు తడిసిన మట్టి వాసన వస్తే నోట్లో నీళ్ళూరేవి. మేడమ్ కూడా రికార్డులు దిద్దేటప్పుడు హ్యాండ్‌బ్యాగులో చేయి పెట్టి ఏదో తీసి నోట్లో వేసుకునేది. సోంపు అనుకునేవాళ్ళం.

హీమోగ్లోబిన్ ప్రాక్టికల్ రోజు రానే వచ్చింది. సాహ్లీ పద్ధతి. గీతలున్న సన్నటి గాజు గొట్టంలో అడుగున కొంచెం హైడ్రోక్లోరిక్ యాసిడ్ పోయాలి. ఎడమ చేతి ఉంగరపు వేలిని స్పిరిటుతో తుడిచి, సూదితో పొడిచి, పిపెట్‌తో 20 మైక్రోలీటర్ల రక్తం పీల్చి అందులో వదలాలి. పది నిమిషాలకు అది కాఫీ రంగుకు తిరుగుతుంది. తర్వాత డిస్టిల్డ్ వాటర్ చుక్క చుక్కగా కలుపుతూ, పక్కనున్న గోధుమరంగు గాజుతో రంగు సరిపోయేదాకా పోవాలి. సరిపోయిన చోట గీత మీది అంకె చదవడమే.

నాకు కొద్ది చుక్కలకే రంగు సరిపోయింది.

"ఎంతొచ్చిందమ్మా?"

"ఎనిమిదిన్నర, మేడమ్."

ఆమె గొట్టాన్ని వెలుతురుకు పెట్టి చూసింది. "అంత తక్కువ రాదే. మళ్ళీ చెయ్. ఎక్కడో తప్పు పోయింటుంది."

రెండోసారి ఇంకో వేలు. 8.4. "వేలు గట్టిగా పిసికింటావమ్మా, రక్తంలో నీరు కలిసింటుంది. మళ్ళీ చెయ్." పిసికితే నీరు కలిసే మాట నిజమే, పుస్తకంలోనూ ఉంది. అందుకని మూడోసారి నేను వేలిని తాకనైనా తాకలేదు, చుక్క దానంతటదే ఉబికేదాకా కాచుకున్నాను. మళ్ళీ ఎనిమిదిన్నర. అప్పటికి ల్యాబులో సగం మంది వెళ్ళిపోయారు. జమ్మలమడుగు నా పక్కకొచ్చి చెవిలో చెప్పింది: "నాకు తొమ్మిదొచ్చింది. సీనియర్ రికార్డు చూసి 13 ఏసినా. పన్నెండు దాటించు మే, లేకుంటే పొద్దు గూకేదాకా ఈడనే నిలబడతావు."

రికార్డులో అచ్చు వాక్యం సిద్ధంగా ఉంటుంది. ఇచ్చిన నమూనాలో హీమోగ్లోబిన్, 100 మిల్లీలీటర్లకు ఇన్ని గ్రాములు. కింద, సాధారణ విలువ, స్త్రీలకు 12 నుంచి 16. ఆ నమూనా ఎవరూ ఇచ్చింది కాదు, నా మూడు వేళ్ళు ఇంకా మండుతున్నాయి. అయినా ఖాళీలో 12.8 అని రాశాను. మేడమ్ చూసి సంతోషంగా ఎర్ర సిరాతో సంతకం పెట్టింది. "చూసినావా, జాగ్రత్తగా చేస్తే వస్తుంది."

ఆమె మోసం చేయలేదు. ఇది నేను ఎవరి దగ్గరైనా గట్టిగా చెబుతాను. ఆమె చదువుకున్నప్పుడు ఆమె రికార్డునూ ఎవరో ఇట్లాగే దిద్ది ఉంటారు. నార్మల్ అనే మాటకు సరైన జవాబు అని అర్థం చెప్పుకున్నాం మేమందరం. పరీక్షలో సరైన జవాబు రాకపోతే తప్పు చేసినవాళ్ళదే గానీ రక్తానిది ఎందుకవుతుంది? తర్వాత 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చదివాను. ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 58.8 మందికి రక్తహీనత. మా బ్యాచిలో ఆడపిల్లలం 26 మందిమి. 26 రికార్డుల్లోనూ ఒక్కరికీ లేదు.

ఆ వేసవికి ముందు అందరం గండికోట పోయాం. ధాన్యాగారం దాకా నడిచేసరికి మాకు ఆయాసం. మగపిల్లలు పెన్నా లోయ అంచుకు పరుగెత్తారు. మేము మెట్ల మీద కూలబడితే మేడమ్ కూడా మా పక్కనే కూర్చుంది, చెయ్యి ఎద మీద పెట్టుకుని. కొంచెం తేరుకున్నాక నా మణికట్టు పట్టుకుని వాచీ చూసింది. "నూటా పద్దెనిమిది. గుండె ఎందుకింత కొట్టుకుంటాంది, చెప్పు?"

"ఆక్సిజన్ చాల్లేదు మేడమ్."

"చాలకపోతే ఏం చేస్తుంది? ఇంట్లో బిందెలు తక్కువుంటే కుళాయికి ఎక్కువ తిప్పలు తిరగాల గదా. గుండె చేసే పని అదే. మోసేవి తక్కువైతే తిప్పలు ఎక్కువ." ఆ మాట విని పులివెందుల పుస్తకం లేకపోయినా చేతి మీద పెన్నుతో రాసుకుంది. అంత బాగా చెప్పిన మనిషి అంతసేపూ తన మణికట్టు మాత్రం పట్టుకుని చూసుకోలేదు. మాకూ చూడాలని తోచలేదు.

2018 అక్టోబరు 1, సోమవారం. జాతీయ స్వచ్ఛంద రక్తదాన దినమని కాలేజీలో ఎన్.ఎస్.ఎస్. వాళ్ళు శిబిరం పెట్టారు. దసరాకు ఇంకా కొన్ని రోజులే ఉన్నాయి, మా ఊరి అమ్మవారిశాలకు రమ్మని నేను ఇద్దరినీ పిలిచే హడావిడిలో ఉన్నాను. జమ్మలమడుగు మాత్రం పొద్దున్నే తలస్నానం చేసి, కొత్త చుడీదార్ వేసుకుని, అందరికంటే ముందు వరసలో నిలబడింది. పద్దెనిమిది నిండింది, 45 కిలోలు దాటింది. కావలసిన హీమోగ్లోబిన్ 12.5, ఆమె రికార్డులో 13.

బల్ల మీద గాజు బీకరులో నీలం నీళ్ళు. "మైలతుత్తం గదా ఇది, మా చీనీ చెట్లకు సున్నంతో కలిపి కొడతారు" అని పులివెందుల ముందే గుర్తుపట్టింది. కాపర్ సల్ఫేట్ ద్రావణం, సాంద్రత 1.053కు సరిచేసింది. వేలి నుంచి ఒక చుక్క అందులో వదులుతారు. మునిగితే రక్తం ఇవ్వచ్చు, తేలితే కుదరదు.

జమ్మలమడుగు చుక్క కొద్దిగా కిందికి దిగింది, మధ్యలో ఆగింది, మెల్లగా పైకొచ్చేసింది.

"మళ్ళీ ఎప్పుడన్నా చూద్దాంలేమ్మా, ఆకుకూరలు తిను" అన్నాడు టెక్నీషియన్.

"లేదన్నా, నాకు 13 ఉంది. రికార్డులో ఉంది. తెమ్మంటావా?"

ఆయనకు ఆ మాట అర్థం కాలేదు. తర్వాత నాది, తేలింది. పులివెందులది, తేలింది. మా వరసలో 26 మందిలో మునిగినవి మూడే. ఆయనకే అనుమానమొచ్చి బీకరు మార్చి కొత్త ద్రావణం పోశాడు. ఒక మగపిల్లవాని చుక్క వదిలితే రాయిలా అడుగుకు పోయింది. మళ్ళీ మాలో ఒకదానిది. పైకే వచ్చింది. జమ్మలమడుగు గోడకు ఆనుకుని మోచేతితో కళ్ళు తుడుచుకుంటోంది. వాళ్ళమ్మకు ఫోన్ చేసి చెప్పొచ్చింది మరి, ఈరోజు బాకీ తీర్చుకుంటానని.

అది చూడలేక మేడమ్ లేచి వచ్చింది. నిజంగా మా కోసమే వచ్చింది. "ఈ పిల్లలవన్నీ నేను దగ్గరుండి చేయించినానయ్యా. 12కు తక్కువ ఒక్కరూ లేరు. మీ మందు పాడైనట్టుంది. ఏదీ, నాది చూడు."

వేలు తుడుచుకోను రుమాలు కోసమని హ్యాండ్‌బ్యాగు తెరిచి లాగింది. రుమాలుతో పాటు తెల్లటి దుప్పటి పరిచిన బల్ల మీద పచ్చి బియ్యం గింజలు చిన్న చప్పుడుతో రాలాయి. పులివెందుల నా చెయ్యి పట్టుకుంది. ఎవరం ఏమీ మాట్లాడలేదు. మేడమ్ గబగబా గింజలు అరచేతిలోకి ఊడ్చుకుని, రెండో చెయ్యి చాపింది.

చుక్క నీలం నీళ్ళలో పడింది. ఒక వేలెడు లోతు దిగింది. ఆగింది. తర్వాత పైకొచ్చి, మా చుక్కలు తేలిన చోటే తేలుతూ నిలబడింది.

ఆమె చాలాసేపు బీకరులోకి చూసింది. మా వైపు తిరగలేదు. ఇంకో వేలు ముందుకు పెట్టి, గొంతు తగ్గించి అనింది:

"మళ్ళీ చెయ్ నాయనా. ఎక్కడో తప్పు పోయింటుంది."