సూది గుచ్చుకుంటే వినకూడని సలహాలు

విజయవాడలోని డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం కింద అయినా, వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం కింద అయినా వైద్యం, నర్సింగ్, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులు చదివేవాళ్లకు రక్తంతో పని తప్పదు. ఎంత జాగ్రత్తగా ఉన్నా ఏదో ఒక డ్యూటీలో సూది గుచ్చుకోవచ్చు, కంట్లో రక్తం చింది పడొచ్చు. ఆ మరుక్షణం నుంచే చుట్టూ ఉన్నవాళ్లు సలహాలు మొదలుపెడతారు. చెప్పేవాళ్ల మనసు మంచిదే, చెప్పే మాటే తప్పు. ఆ తప్పుడు మాటలన్నీ చేసే నష్టం కూడా ఒక్కటే. చికిత్సకు పనికొచ్చే గంటలను అవి వృథా చేస్తాయి. అందుకే వాటిని ఒక్కొక్కటిగా ఇక్కడ రాస్తున్నాను. మీ చెవిన పడిన రోజున గుర్తుపట్టండి.

1. “వేలు గట్టిగా పిండు, చెడు రక్తం పోతుంది.”

పిండకండి. పిండితే వైరస్ బయటకు పోతుందనడానికి ఆధారం లేదు, పైగా అక్కడి కణజాలం నలుగుతుంది. వేలు నోట్లో పెట్టుకోవద్దు. బ్లీచింగ్ ద్రావణం, స్పిరిట్ పోయొద్దు. కొళాయి తిప్పి, ధారగా పడే నీళ్లలో సబ్బుతో కడగండి, అంతే. కంట్లో పడితే సబ్బు వద్దు. మంచినీళ్లతోనో సెలైన్‌తోనో బాగా కడగండి. కాంటాక్ట్ లెన్స్ ఉంటే ముందు కన్ను కడిగి, ఆ తర్వాతే లెన్స్ తీయండి.

2. “క్యాప్ పెట్టేసి ట్రేలో పడెయ్, తర్వాత చూద్దాం.”

వాడిన సూదికి మళ్లీ మూత పెట్టబోయి పొడుచుకున్నవాళ్లు ప్రతి ఆసుపత్రిలోనూ ఉంటారు. 2016 నాటి జీవ వైద్య వ్యర్థాల నిబంధనల ప్రకారం సూదులు, బ్లేడ్లు వెయ్యాల్సింది గుచ్చుకుపోని తెల్లని డబ్బాలో. పగిలిన గాజు సీసాలకు నీలం డబ్బా వేరే ఉంది. సూది వాడిన చెయ్యే దాన్ని డబ్బాలో వెయ్యాలి. డబ్బా ముప్పాతిక నిండగానే మార్పించాలి. ట్రేలో వదిలేసిన సూది ఆ రాత్రి వార్డు తుడిచే ఆయమ్మ చేతికి గుచ్చుకుంటుంది. ఆమెకు జరిగేదానికి బాధ్యత మనదే.

3. “పేషెంట్ ఆరోగ్యంగానే ఉన్నాడుగా, నీకేం కాదు.”

మనిషిని చూసి రక్తంలో ఏముందో చెప్పలేం. టీకా లేనివారికి హెపటైటిస్-బి ఉన్న రక్తంతో తడిసిన సూది గుచ్చుకుంటే ఇన్ఫెక్షన్ సోకే అవకాశం నూటికి 30 వరకు ఉంటుంది. హెపటైటిస్-సి అయితే నూటికి 2 లోపే, హెచ్‌ఐవీ అయితే వెయ్యికి సుమారు 3. హెచ్‌ఐవీ పేరు వింటేనే వణికిపోయే మనం అసలు పెద్ద ప్రమాదమైన హెపటైటిస్-బిని మరిచిపోతాం. రోగికి విషయం వివరించి, ఆయన సమ్మతితో పరీక్ష చేయించండి. ఆ ఫలితం వచ్చేదాకా మాత్రం హెచ్‌ఐవీ రాకుండా మీరు వేసుకోవాల్సిన మందు మొదటి డోసు ఆపకండి.

4. “చిన్నప్పుడు టీకాలన్నీ వేశారు కదా.”

ప్రభుత్వ టీకాల కార్యక్రమంలో హెపటైటిస్-బి దేశమంతటికీ చేరింది 2011లో. ఈరోజు కాలేజీలో ఉన్నవాళ్లు అంతకుముందు పుట్టినవాళ్లు. ఇంటికి ఫోన్ చేసి టీకా కార్డు వెతికించండి. దేశంలో తయారైన తొలి రీకాంబినెంట్ హెపటైటిస్-బి టీకాను 1997లో తెచ్చింది మన హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్సే. అలాంటి చోట వైద్యం చదువుతూ టీకా లేకుండా వార్డులోకి వెళ్లడం తగదు. మొదటి డోసు, నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది వేయించుకోవాలి. ఆఖరి డోసు తర్వాత నెల, రెండు నెలల్లో యాంటీబాడీ పరీక్ష చేయించాలి. 10 యూనిట్లకు తగ్గకుండా ఉంటేనే రక్షణ ఉన్నట్టు. రక్షణ లేనివారికి సూది గుచ్చుకుంటే టీకాతోపాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇంజెక్షన్ కూడా అవసరమవుతుంది. దాన్ని వీలైతే 24 గంటల్లోపే ఇవ్వాలి.

5. “పొద్దున చూపించుకుందాంలే.”

పొద్దుటిదాకా ఆగొద్దు. హెచ్‌ఐవీ రాకుండా వాడే మందు రెండు గంటల్లోపు మొదలుపెడితే మేలు. ఎంత ఆలస్యమైనా 72 గంటలు దాటకూడదు. అర్ధరాత్రి అయినా క్యాజువాల్టీకి వెళ్లండి. సందేహం ఉంటే జాతీయ ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కు ఫోన్ చెయ్యండి.

6. “వికారంగా ఉంటే మాత్రలు ఆపెయ్.”

ఆ మందు టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ కలిసిన మాత్ర. దాన్ని రోజూ ఒకటి చొప్పున 28 రోజులు వేసుకోవాలి. వికారం వస్తే డాక్టరుకు చెప్పండి, తగ్గించే మార్గం ఆయన చూస్తారు. సొంతంగా మానేస్తే అంతవరకు వేసుకున్నదీ వృథా కావచ్చు. సూది గుచ్చుకున్న రోజు నుంచి 6 వారాలకు, 3 నెలలకు, 6 నెలలకు పరీక్షలుంటాయి. అవి పూర్తయ్యేదాకా రక్తదానం చెయ్యొద్దు, దంపతులు కండోమ్ వాడాలి.

7. “ఎవరికీ చెప్పకు. మేడమ్ తిడతారు, పెళ్లి సంబంధాలు పోతాయి.”

అన్నింటిలోకీ ప్రమాదకరమైన సలహా ఇదే. పై తప్పులన్నీ ఇంకొకరు దిద్దగలరు, దాచిన గాయానికి మాత్రం ఎవరూ చికిత్స చెయ్యలేరు. సూది గుచ్చుకున్న రోజే మీ రక్తపరీక్ష జరిగి రికార్డులోకి ఎక్కకపోతే, రేపు జబ్బు బయటపడినప్పుడు అది డ్యూటీలో వచ్చిందని నిరూపించుకోవడం కష్టం. హెపటైటిస్-సికి టీకా లేదు, ముందుగా వేసుకునే మందూ లేదు. కానీ తొందరగా కనిపెడితే కొన్ని వారాల మాత్రలతో నయమవుతుంది. కనిపెట్టాలంటే ముందు మీరు చెప్పాలి. హెచ్‌ఐవీ, ఎయిడ్స్ నివారణ చట్టం 2017లో వచ్చింది, 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. ఇలాంటి ప్రమాదం ఉన్న చోట పనిచేసేవారికి శిక్షణ, రక్షణ సామగ్రి, సూది గుచ్చుకున్నాక వాడాల్సిన మందు ఇవ్వడం సంస్థ బాధ్యతని ఆ చట్టం చెబుతోంది. మీ వివరాలు గోప్యంగా ఉంచడమూ అందులో ఉంది.

ప్రిన్సిపాళ్లకు, విభాగాధిపతులకు ఒక విన్నపం. హెచ్‌ఐవీ రాకుండా వాడే మందు మొదటి డోసు రాత్రిపూట కూడా క్యాజువాల్టీలో సిద్ధంగా ఉంచండి. ఎవరిని కలవాలో, ఏ నంబరుకు ఫోన్ చెయ్యాలో ప్రతి వార్డు గోడ మీదా తెలుగులో రాయించండి. పారిశుద్ధ్య కార్మికులకూ విద్యార్థులతోపాటే టీకాలు వేయించండి. గాయం సంగతి చెప్పడానికి వచ్చిన పిల్లను “ఎందుకంత అజాగ్రత్త?” అని నలుగురిలో నిలదీయకండి. ఒక్కరిని తిడితే పదిమంది దాస్తారు.

విద్యార్థులారా, గుర్తుంచుకోవాల్సినవి మూడే: కడగండి, చెప్పండి, వెంటనే వెళ్లండి. ఇందుకు విరుద్ధంగా ఎవరేం చెప్పినా, ఎంత సీనియర్ అయినా, వినకండి.