గేటు దగ్గర రెండు నిమిషాలు

హెబ్బగోడిలో అపార్ట్‌మెంట్ సంఘాల బాధ్యత మోస్తున్నవాళ్లందరికీ ఒక మాట. పొద్దున్న మన గేట్ల ముందు జరిగే తోపులాటకు స్పీడ్ బ్రేకర్లు మందు కాదు. మందు దేవనహళ్లిలో ఉంది. కెంపేగౌడ విమానాశ్రయం టవర్‌లోని కంట్రోలర్లు విమానాల్ని ఎలా వదులుతారో, మనం బళ్లను అలా వదలాలి.

ముందు విమానం రన్‌వే చివర దాటేదాకా, లేదా గాల్లో పక్కకు తిరిగేదాకా వెనకదానికి మామూలుగా టేకాఫ్ అనుమతి ఇవ్వరు. మీ వాచ్‌మన్ కూడా ఒక బండి మెయిన్ రోడ్డు మలుపు తిరిగి కనుమరుగయ్యాకే గొలుసు దించాలి.

అసలు జాగ్రత్త నీళ్ల ట్యాంకర్ దగ్గర. పెద్ద విమానం ముక్కెత్తిన క్షణం నుంచి దాని రెక్కల కొసల దగ్గర గాలి సుడులు తిరిగి వెనకే మిగిలిపోతుంది. కంటికి కనపడదు, చిన్న విమానాన్ని దొర్లించేస్తుంది. అందుకే 136 టన్నులూ ఆపై బరువుండే 'హెవీ' వెనక ఎయిర్‌బస్ ఎ320ని రెండు నిమిషాలు ఆపుతారు. రన్‌వే మధ్యలోంచి బయల్దేరితే మూడు. 2022 అక్టోబరులో బెంగళూరుకు రావడం మొదలుపెట్టిన ఎ380 వెనకైతే మొదటి నుంచి బయల్దేరినా మూడే. 2001 నవంబరు 12న న్యూయార్క్‌లో జపాన్ జంబో వెనక లేచిన అమెరికన్ ఎయిర్‌లైన్స్ 587 ఆ సుడుల్లో చిక్కింది. పైలట్ రడ్డర్ పెడళ్లను అతిగా తొక్కడంతో తోక మీది నిలువు రెక్క ఊడి 265 మంది పోయారు.

మన ట్యాంకర్ వెనకా అలాంటి గండమే ఉంది. మూత సరిగా పడక నీళ్లు ఒలికించుకుంటూ పోతుంది. గేటు వంపులో ఆ నీళ్లు ఎర్రమట్టితో కలిసి నూనెలా జారుతాయి. పిల్లల్ని ముందు నిలబెట్టుకున్న స్కూటర్లు అక్కడ పడడం చూశాను, ఇక చూడలేను. ట్యాంకర్ వెనక స్కూటరుకు రెండు నిమిషాలు, పక్క సందులోంచి కలిసేదానికి మూడు. గడియారం చూసి వదలండి.

లేచిన వెంటనే దారులు కనీసం 45 డిగ్రీలు విడిపోతాయంటే, సుడుల భయం లేనప్పుడు, విమానాల మధ్య నిమిషం చాలు. కాబట్టి ఎలక్ట్రానిక్ సిటీ బండి ఒకటి, చందాపుర బండి ఒకటి, మార్చి మార్చి పంపండి. ఒకే దారిన పోయేవాటిలో వేగంగా పోయేది ముందుండాలి: బైకులు, తర్వాత కార్లు, చివర స్కూల్ వ్యాన్. బెల్లు కొట్టేస్తారంటారా, హెడ్మాస్టర్లతో మాట్లాడి బెల్లు వెనక్కి జరిపించండి.

నిమిషానికొకటి చొప్పున అరవై బళ్లకు గంట పడుతుంది. పట్టనివ్వండి. ఐదున్నరకే మొదటి బండి కదలాలి. ఫ్లాట్ల వారీగా ఎవరి నిమిషం వారికి రాసి రాత్రే లిఫ్టులో అంటించండి, నిమిషం తప్పినవాళ్లు వరస చివరికి. వాచ్‌మన్‌కు సెకన్ల ముల్లున్న గడియారం, ఎత్తు స్టూలు సంఘం డబ్బుతో కొనివ్వండి. అతను చెయ్యెత్తితే ప్రెసిడెంటుగారైనా ఆగాల్సిందే. 2025 ఆగస్టులో మొదలైన పసుపు లైన్ మెట్రోకు నడిచిపోయేవాళ్లను వరసలో కలపనక్కర్లేదు. ట్యాంకర్ వెళ్లాక మాత్రం వాళ్లూ రెండు నిమిషాలు ఆగాలి.