మందొక్క బొట్టు: టీకా తాత్పర్య సహితం

అవతారిక

ఈ పద్యం పుట్టిన చోటు ఉత్తర టెక్సస్‌లో ఒక షూటింగ్ రేంజ్. కాలం శనివారం పొద్దున. కారణం మా బావ. వారమంతా కంప్యూటర్ ముందు కూర్చునే ఆ మనిషి శనివారం రాగానే పంప్ షాట్‌గన్ తీసుకుని మట్టిపళ్ళాలు పేల్చడానికి బయలుదేరతాడు. మట్టిపళ్ళెం పేరుకే మట్టిది. తారులాంటి పిచ్‌నీ సున్నపురాయి పొడినీ కలిపి పోసిన బిళ్ళ అది, అడ్డం సుమారు 11 సెంటీమీటర్లు. యంత్రం దాన్ని గాలిలోకి విసురుతుంది, మనిషి దాన్ని పొడి చెయ్యాలి. మన హైదరాబాదు కైనాన్ చెనాయ్ 2016లో రియో ఒలింపిక్స్ దాకా వెళ్ళింది ఈ విద్యతోనే. మా బావ ఇంకా ఆ దారిలో మొదటి మైలురాయి దగ్గరే ఉన్నాడు.

ఆ రోజు రెండో రౌండు నడుమ చూసుకుంటే గొట్టం కొసన గురికోసం ఉండాల్సిన ఇత్తడి పూస లేదు. మిరియపు గింజంత పూస. గడ్డిలో ఇద్దరం వంగి అరగంట వెతికాం. పక్క వరసవాళ్ళు మేమేదో చెవిపోగు పారేసుకున్నామనుకున్నారు. దొరకలేదు. తుపాకుల కొట్లో కొన్న కొత్త పూస ఆ మరలో పట్టలేదు. ఈ పూసల మరలు ఒక్కో తుపాకీకి ఒక్కో కొలత. మళ్ళీ వెళ్ళి పట్టేది తెచ్చాం.

గ్యారేజీలో బావ తుపాకీ ఖాళీగా ఉందో లేదో ఒకటికి రెండుసార్లు చూసి, పూస మళ్ళీ ఊడకుండా మరకు వేసే మందున్న బొటనవేలంత సీసా నా చేతికిచ్చి, "నువ్వు తెలుగు ఎమ్మే కదరా, దీనిమీద రాసినదానికి కాస్త అర్థం చెప్పు" అన్నాడు. అక్షరాలు చీమకాళ్ళు. అర్థం చెప్పాలంటే ముందు మూలమంటూ ఉండాలి కనుక దాన్నీ నేనే రాసుకోవలసి వచ్చింది.

మూలం

మరను నూనె తుడిచి మందొక్క బొట్టుంచ
గాలి చొరని చోట గట్టిపడును
నీలిదైన విడును నేర్పుతోఁ ద్రిప్పిన
ఎఱ్ఱదైన నగ్నియే గతి సుమి

ప్రతిపదార్థం

మరను = మరచుట్ల మీది; నూనె = తుపాకీకి ప్రాణంతో సమానమైన నూనెను; తుడిచి = జిడ్డు అణుమాత్రమూ మిగలకుండా తీసివేసి; మందు = ఔషధప్రాయమైన ద్రవమును; ఒక్క బొట్టు = ఒక్కటంటే ఒక్క చుక్క; ఉంచన్ = పెట్టగా; గాలి చొరని చోటన్ = మరకూ మరకూ నడుమ; గట్టిపడును = రాయి వలె అగును; నీలిది ఐనన్ = ఆ మందు నీలి రంగుది అయినచో; నేర్పుతోన్ త్రిప్పినన్ = తగిన పనిముట్టుతో ఓపికగా తిప్పగా; విడును = ఊడివచ్చును; ఎఱ్ఱది ఐనన్ = ఎర్ర రంగుది అయినచో; అగ్నియే = నిప్పే; గతి = దిక్కు; సుమి = జాగ్రత్త సుమా.

టీక

"మరను": మర నుండి అనవలసిన చోట కవి ద్వితీయా విభక్తి వాడాడు. కవిని నేనే కాబట్టి క్షమించాను.

"నూనె తుడిచి": తుపాకీ ఉన్నవాడికి ఇది ప్రాణసంకటం. ప్రతి ఆదివారం నూనె పూసి, గుడ్డతో లాలించి, బీరువాలో పెట్టుకున్నవాణ్ణి ఆ నూనే తుడవమంటే చెయ్యాడదు. కానీ జిడ్డు మీద ఈ మందు సరిగా పట్టదు. మా బావ చొక్కా అంచుతో తుడవబోయాడు. టీకాకారుడు అడ్డుపడి, స్పిరిట్‌లో ముంచిన గుడ్డపీలిక అందించాడు.

"మందు": తుపాకీ ప్రసక్తి ఉంది కదా అని దీన్ని తూటాలో దట్టించే మందు అనుకోరాదు. శనివారం ప్రసక్తి ఉంది కదా అని సాయంత్రం పుచ్చుకునే మందు అనుకోవడం మరీ తప్పు. సడలిన మరకు వేసే మందు ఇది. దీని మూలపురుషుడు వెర్నన్ క్రీబుల్, అమెరికాలో కనెటికట్ రాష్ట్రం హార్ట్‌ఫర్డ్‌లోని ట్రినిటీ కాలేజీ రసాయనశాస్త్ర ఆచార్యుడు. 1953లో దీన్ని తయారుచేశాడు. లాక్టైట్ అని పేరు సూచించింది ఆయన కోడలు. మామగారు కనిపెట్టినదానికి కోడలు పేరు పెట్టడం, ఆ పేరే నిలవడం, ఏ దేశంలోనైనా చెప్పుకోదగ్గ సంగతే.

"ఒక్క బొట్టు": ఉప్పు కాదు, తగినంత అనడానికి. రెండో బొట్టు పడితే పూస కింది రంధ్రం గుండా గొట్టంలోకి దిగుతుంది. ట్రిగ్గర్ వైపు మరమేకైతే లోపలి కదిలే భాగాలకు పాకి, కదలాల్సినవాటిని కూడా కదలకుండా చేస్తుంది. అసలు ట్రిగ్గర్ జోలి తుపాకీ మేస్త్రీకే వదలాలని టీకాకారుడి మతం.

"గాలి చొరని చోట": ఇక్కడ విరోధాభాసాలంకారం. లోకంలో తడి గాలికి ఆరుతుంది. గోడకు సున్నం, తీగ మీద చీర, నుదుట బొట్టు, అన్నీ అంతే. ఈ ద్రవం గాలి తగిలినంతసేపూ ద్రవంగానే ఉండి, గాలి అందని చోట ఇనుమో రాగో తగిలితే గట్టిపడుతుంది. గాలిలోని ఆక్సిజన్ దాని అణువులు ఒకదానితో ఒకటి చేతులు కలపకుండా కాపలా కాస్తుంది. కాపలా తొలగితే లోహం వాటికి పెళ్ళిపెద్ద అవుతుంది. సీసాను సగమే నింపేదీ, గాలి సోకే ప్లాస్టిక్‌తో చేసేదీ ఇందుకే. సగం సీసా చూసి బావ, "కొట్టువాడు మోసం చేశాడురా" అన్నాడు. ఆ ఖాళీయే లేకపోతే సీసాలో మిగిలేది మందు కాదు, రాయి.

"గట్టిపడును": పది ఇరవై నిమిషాల్లో పట్టు మొదలవుతుంది, పూర్తి బలానికి 24 గంటలు కావాలి. "మధ్యాహ్నం ఇంకో రౌండు వెయ్యొచ్చా?" అని బావ అడిగినది ఈ పదం అర్థం కాకే.

శంక: మందెందుకు? ఇంకాస్త గట్టిగా బిగిస్తే చాలదా?

సమాధానం: చాలదు. మరను పట్టి ఉంచేది రాపిడి. గెర్‌హార్డ్ యుంకర్ అనే జర్మన్ ఇంజనీరు 1969లో తేల్చినదేమిటంటే, అడ్డంగా అదిరే చోట ఆ రాపిడి క్షణం సేపు పట్టు వదులుతుంది, ఆ క్షణంలో మర రవ్వంత వెనక్కి తిరుగుతుంది. ట్వెల్వ్ బోర్ అంటే పౌను సీసంతో సమానమైన పన్నెండు గుండ్లు పోస్తే అందులో ఒక్కటి పట్టే గొట్టం, లోపలి వ్యాసం సుమారు 18.5 మిల్లీమీటర్లు. అది పేలితే భుజానికి తెలుస్తుంది, పూసకూ తెలుస్తుంది. రౌండుకు 25 తన్నులు. పోనీ బలమంతా పెట్టి బిగిద్దామంటే పూస మర మందం మూడు మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది, తెగి చేతికొస్తుంది. మందు మర నడుమ సందులను నింపి, అదురుకు కదిలే చోటే లేకుండా చేస్తుంది.

"నీలిది", "ఎఱ్ఱది": ఈ రంగులు ద్రవానివి, సీసావి కావు. ఎర్ర సీసాలో నీలి మందు ఉండవచ్చు. నీలిది మధ్యరకం, చేతి పనిముట్టుకు లొంగుతుంది. ఎర్రది విడవాలంటే సుమారు 260 డిగ్రీల వేడి పెట్టాలి. ఇక్కడే అసలు ప్రమాదం. కొన్ని జంటగొట్టాల తుపాకుల్లో గొట్టాల మీది పట్టీ తగరం, సీసం కలిపిన టంకంతో అతికి ఉంటుంది. ఆ టంకం 183 డిగ్రీల దగ్గరే కరగడం మొదలెడుతుంది. మిరియపు గింజను విప్పబోయి పట్టీని ఊడదీసుకున్నట్టవుతుంది.

పాఠాంతరం: "నీలిదైన" అన్న చోట "ఊదయైన" అని ఉండాలని శాస్త్రజ్ఞులంటారు. ఆరు మిల్లీమీటర్ల లోపు సన్నని మరలకు విధించినది ఊదా రంగు మందే, దాని పట్టు మెత్తన. ఒప్పుకుంటున్నాను. కానీ బావ గ్యారేజీలో ఉన్నది నీలిది. కవి సత్యవాది.

నిషేధం: గొట్టం మూతిలో బిగించే చోక్ మరకు ఈ మందు పనికిరాదు. ఆటను బట్టి మార్చుకోవలసినది కనుక దానికి గ్రీజే ధర్మం. కొన్ని ప్లాస్టిక్ భాగాలకు తగిలితే పగుళ్ళిస్తుంది కనుక అక్కడా వద్దు.

తాత్పర్యం

జిడ్డు తుడిచిన మరకు ఒక్క చుక్క మందు పెడితే అది గాలి అందని చోట రాయవుతుంది. కానీ ఏ రంగు మందు పెట్టాలో నిర్ణయించేది బిగించే చెయ్యి కాదు, ఎప్పుడో ఒకనాడు విప్పబోయే చెయ్యి. ఆ చేతికి స్క్రూడ్రైవర్ ఇస్తావా, నిప్పు ఇస్తావా అన్నదే ఈ పద్యంలోని ప్రశ్న. పూస పెట్టేవాడు పూస తీసేవాణ్ణి తలుచుకోవాలని భావము.

ఫలశ్రుతి

ఈ పద్యాన్ని చదివి, 24 గంటలు ఆగినవాడి పూస ఊడదు. మా బావ ఆగాడు. మరుసటి శనివారం పూస చెక్కుచెదరలేదు. పళ్ళాలూ చెక్కుచెదరలేదు. పూస పోయిన రోజున 25కి 14 కొట్టినవాడు, పూస ఉన్న రోజున 11 కొట్టాడు.

పక్క వరసలోని పెద్దాయన, మేం గడ్డిలో వెతుకుతుండగా చూసినాయనే, నవ్వుతూ విడమరిచి చెప్పాడు. ఎగిరే పళ్ళాన్ని కొట్టేవాడు పూసను చూడకూడదట. కళ్ళు పళ్ళెం మీదే ఉండాలి. చూపు పూస మీదికి మళ్ళిందా, తిరుగుతున్న తుపాకీ తటాలున ఆగుతుంది, గుళ్ళు పళ్ళెం వెనక నుంచి పోతాయి. మా బావ ఆ రోజంతా పూస ఉందో ఊడిందోనని దానికేసే చూస్తున్నాడు.

ఇంటికొస్తూ కారులో, "అయితే దాన్ని తీసేద్దామా?" అన్నాడు.

"నీలిదే కదా బావా, విడుతుంది" అన్నాను.