బిషప్పు ఎక్కడ?

డరమ్ బిషప్పు వేయించిన వెండి పెన్నీని మామూలు నాణెం కింద జమకట్టి అమ్మేశాను. అమ్మి ఊరుకున్నా బాగుండేది. కొన్న పెద్దాయనకు పాఠం కూడా చెప్పాను. డబ్బు సంగతి ఎప్పుడో మర్చిపోయాను గానీ, ఆ పాఠం గుర్తొస్తే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

ఉద్యోగానికని ఇంగ్లండు వచ్చిన కొత్తల్లో పాత నాణేల పిచ్చి పట్టుకుంది. డరమ్ కథ విన్నాక అది ముదిరింది. స్కాట్లండు వైపు నుంచి వచ్చే దండ్లను కాచుకోవాల్సిన సీమ కాబట్టి అక్కడి బిషప్పుకు సొంత కోర్టులు, సొంత సైన్యం, సొంత టంకశాల ఉండేవి. ఆంటొనీ బెక్ అనే బిషప్పయితే 1298లో ఫాల్కిర్క్ యుద్ధానికి తన దండుతో కదిలాడు. అలాంటి మనిషి నాణెం మీద ఎత్తు టోపీ, చేతికర్ర, దర్పం లేకుండా ఎలా ఉంటాయనుకున్నాను.

చేతికొచ్చినదాని మీద అవేవీ లేవు. గ్రామున్నర కూడా తూగని పల్చటి బిళ్ళ. ఒకవైపు కిరీటంతో ఎడ్వర్డు రాజు, చుట్టూ ఆయన పేరూ బిరుదులూ. రెండోవైపు అంచుదాకా సాగిన శిలువ, డరమ్ నగరం పేరు. 1279లో ఎడ్వర్డు నాణేలు మార్చాక ఎక్కడ అచ్చువేసినా పెన్నీకి ఇదే నమూనా. బిషప్పుకు టంకశాల లాభం దక్కేది, ముఖం మాత్రం రాజుదే. ఈ ముక్క ఉన్న పుస్తకం నా అలమరలోనే ఉంది. తెరిస్తేగా!

భూతద్దం పెట్టి రాజుగారి జుట్టంతా పరిశీలించాను. ఆయన తలపైన, అక్షరాలు మొదలయ్యే చోట, ఆవగింజంత శిలువ ఉంది. దాని కొనలు చీలి రెండు పక్కలకీ వంపు తిరిగాయి. అచ్చు సరిగ్గా పడలేదని తీర్మానించేశాను. నాణేల సంతలో ఆ పెద్దాయనకు ఆ ‘లోపం’ వేలుపెట్టి చూపించి, “ఇందులో బిషప్పు ఎక్కడున్నాడండీ?” అని నవ్వి, నిజాయితీపరుణ్ణి కదా, ధర కూడా తగ్గించాను. ఆయన “అలాగా” అని డబ్బులు లెక్కపెట్టి ఇచ్చి, నాణేన్ని జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు. తొందరగానే వెళ్ళాడు.

కొనలు చీలిన ఆ శిలువ బెక్ వంశ చిహ్నం. బిషప్పు ఉన్నది అక్కడే! రాజుకూ ఆయనకూ చెడి, రాజు డరమ్ అధికారాలు లాక్కున్నప్పుడు అక్కడి పెన్నీల మీద ఆ గుర్తు పోయి సాదా శిలువ వచ్చింది. బెక్ తర్వాతి బిషప్పు వెనకవైపు శిలువ చేతుల్లో ఒకదాని కొనను తన చేతికర్రలా వంపించాడు. ఆ పెన్నీ దొరికుంటే దాన్నీ వంకర నాణెమని తిప్పి పంపేవాణ్ణే.

నేను వెతికిన టోపీని నాణెం మీదికి ఎక్కించినవాడూ ఒకడున్నాడు. ఎనిమిదో హెన్రీ కాలపు థామస్ వుల్జీ యార్క్ ఆర్చిబిషప్పుగా ఉంటూ తన కార్డినల్ టోపీని గ్రోటు నాణెం మీద, రాజచిహ్నం కిందే వేయించాడు. 1529లో ఆయన మీద మోపిన నేరాల చిట్టాలో అదీ చేరింది. ఆ గ్రోటు ఒకటి కొనుక్కున్నాను. టోపీ స్పష్టంగా ఉంది, భూతద్దంతో పనిలేదు. నా స్థాయికి తగిన నాణెం.