ట్యాబా, స్పేసా?

ప్రోగ్రాం రాసేశానని సంబరపడకండి. అది మీ కంప్యూటర్లో నడుస్తోంది, అంతే. పక్క సీటువాడి దగ్గర నడిపించడం వేరే ఉద్యోగం. దానికి జీతం విడిగా ఇవ్వరు.

గో భాష వాళ్లకి ఈ గోల తెలీదు. 'గో బిల్డ్' కొడితే ఒక్క ఫైలు వస్తుంది, పట్టుకుపోతారు. రస్ట్‌లో కావలసినవన్నీ కార్గోనే తెచ్చుకుంటుంది. ఈలోగా మనం టీ తాగి రావచ్చు. పైథాన్‌లో పిప్, వర్చువలెన్వ్, కోండా, పొయెట్రీ, 2024లో వచ్చిన యూవీ. పెళ్లింట్లో పెద్దమనుషుల్లా అందరూ 'నేను చూసుకుంటా' అనేవాళ్లే. వంటవాడికి అడ్వాన్సు ఎవరిచ్చారో మాత్రం ఎవరికీ తెలీదు.

వీటన్నిటినీ భరిస్తాను. కొన్నాళ్లుగా నా ప్రాణం తోడేస్తున్నది మేక్ అనే పాత బిల్డు పనిముట్టు. మేక్‌ఫైల్లో కమాండు ఉన్న లైను ట్యాబ్‌తోనే మొదలవ్వాలి. స్పేసులు కుదరవు. కంటికి రెండూ ఖాళీయే! ఎనిమిది స్పేసులు కొడితే గ్నూ మేక్ 'ట్యాబ్ అనబోయావా?' అని అడుగుతుంది కూడా. అవును తల్లీ, అదే! తెలిసిందిగా, సర్దుకోవచ్చుగా? సర్దుకోదు. 'స్టాప్' అని కూర్చుంటుంది. నాలుగే కొడితే ఆపాటి పలకరింపు కూడా ఉండదు. మన ఎడిటర్లేమో ట్యాబ్ నొక్కితే నాలుగు స్పేసులు పెట్టి మురిసిపోతాయి.

ఈ మేక్‌ని 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ రాశాడు. ఈ ట్యాబ్ తిరకాసు ఆయనకి కొద్ది వారాల్లోనే తెలిసింది. మార్చేవాడే. కానీ అప్పటికే ఓ డజను మంది వాడుతున్నారు, ఎక్కువమంది స్నేహితులు. వాళ్లనెందుకు ఇబ్బంది పెట్టడమని వదిలేశాడు. ఆ డజను మంది సుఖం కోసం, అప్పటికి పుట్టని మనందరం ఇప్పుడు కనపడని ఖాళీల్ని వేలితో తడుముతున్నాం. 2003లో కంప్యూటర్ నిపుణుల సంఘం ఏసీఎం ఆయనకి అవార్డిచ్చింది, ఈ మేక్‌కే!

అయినా స్నేహితుల మొహం చూసి ఆగిపోయిన మనిషిని తిట్టబుద్ధి కాదు. 2016 మార్చిలో జావాస్క్రిప్ట్ లోకంలో ఇంకోలా జరిగింది. లెఫ్ట్‌ప్యాడ్ అని పదకొండు లైన్ల కోడు. దాని పని కూడా ఎడమవైపు స్పేసులు నింపడమే. వేరే ప్యాకేజీ పేరు తగువులో మనసు విరిగి, రాసినాయన తన ప్యాకేజీలన్నీ ఎన్‌పీఎం నుంచి, అంటే అందరూ తెచ్చుకునే గోదాము నుంచి, తీసేశాడు. ఎక్కడెక్కడి బిల్డులూ ఆగిపోయాయి. అందరూ రోజూ వాడుకున్నవాళ్లే; ఆయనొకడున్నాడని ఆ రోజే తెలిసింది. కొద్ది గంటల్లో ఎన్‌పీఎం ఆ కోడును తిరిగి పెట్టింది. ఆ తర్వాత, ఇంకెవరూ అంత సులువుగా తీసుకుపోకుండా నిబంధన మార్చింది.