ఖాళీ బరువు

ఖరగ్‌పూర్ మలంచాలో పాతసామాన్ల కొట్టువాడు నన్ను గోనెసంచిలో వేసి కాటామీద పెట్టాడు. సంచి బరువు తీసేసి, మిగిలినదానికి లెక్క కట్టాడు. అంతవరకూ నన్ను కిలోబిట్లలో కొలిచినవాళ్లే గాని కిలోల్లో తూచినవాళ్లు లేరు. కొన్నది మాత్రం నన్నెరిగిన మనిషే. రైల్వే ఎస్ అండ్ టీలో, అంటే సిగ్నల్, టెలికాం శాఖలో, టెలికాం మెయింటెయినర్‌గా చేసి దిగిపోయిన ముసలాయన. వాళ్ల తాత బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం వైపునుంచి ఖరగ్‌పూర్ వర్క్‌షాపు పనికి వచ్చాడట. బజార్లో బెంగాలీ, డ్యూటీలో హిందీ, ఇంటికొస్తే "ఏటే, కూరేటి?" అనే తెలుగు.

నన్ను పీడీ మక్స్ అంటారు. ముప్పై గొంతుల్ని పోవడానికో జత, రావడానికో జత తీగలమీద నడిపించడం నా కొలువు. ఒక్కో గొంతునూ సెకనుకు 8000 సార్లు తరిగి, ప్రతి ముక్కనూ 8 బిట్లలో రాస్తాను. అంటే గొంతుకు 64 కిలోబిట్లు. 125 మైక్రోసెకన్లకో బండి కదులుతుంది. బండికి 32 పెట్టెలు, పెట్టెకు 8 బిట్లు. అన్నీ కలిపితే సెకనుకు 2048 కిలోబిట్లు. జనం నోట్లో అది "టూ ఎంబీ".

గొంతులు ముప్పై, పెట్టెలు ముప్పైరెండు. ఆ రెండూ ఏమయ్యాయని అడగని కొత్తవాణ్ణి నేను చూడలేదు. సున్నా నంబరు పెట్టెలో, బండి విడిచి బండిలో, 0011011 అని కేక వేస్తాను. బండి ఎక్కడ మొదలైందో అవతలివాడికి తెలియకపోతే ఒకరి మాట ఇంకొకరి చెవిలో పడుతుంది. పదహారో పెట్టెలో ఎవరు ఫోనెత్తారు, ఎవరు పెట్టేశారు అనే కబుర్లు. బండికి ఇద్దరి సంగతే పడుతుంది. పదహారు బళ్లు పోతేగాని ముప్పైమంది సమాచారమూ చేరదు.

ముసలాయన ఇంకా కొలువులో ఉండగా ఒకసారి నాకు ఫోన్లు తీసేసి రౌటర్ తగిలించారు. కొత్తగా వచ్చిన కుర్ర ఇంజనీరు తెర చూసి మొహం చిట్లించాడు.

"టూ ఎంబీ అన్నారు, 1984 చూపిస్తోంది. మిగతా 64 ఎవరు తిన్నారు దాదా?"

"బాక్సెన్ వ్యాగన్ మీద ఏం రాసుంటుంది సార్? మొత్తం 81.28 టన్నులు, ఖాళీ బరువు 22.47. బొగ్గు కొన్నవాడికి దక్కేది 58.81 కదా. ఫోన్లు లేవు కాబట్టి పదహారో పెట్టె కూడా మీకే ఇచ్చాను. 31 ఇంటూ 64, చూసుకోండి."

కుర్రాడికి అర్థమైంది, కాకపోతే మరీ ఎక్కువ అర్థమైంది. మర్నాడు ఇంకోచోటికి 1200 కిలోబిట్ల సరుకు కావాలంటే, ముప్పైకి ముప్పైరెండు నిష్పత్తి అంటూ 1280 అని రాసుకొచ్చాడు. ముసలాయన నవ్వలేదు. "సగం బొగ్గేస్తే వ్యాగన్ ఇనుము సగమైపోద్దా సార్?" అన్నాడు. 1200ని 64తో భాగిస్తే 18.75. పెట్టెను ముక్కలు చెయ్యం కాబట్టి పంతొమ్మిది కట్టాలి, అంటే 1216. మిగిలినవాటిలో పదకొండు ఫోన్లు పెట్టుకోవచ్చు. అప్పుడు పదహారోది మళ్లీ కబుర్లకే పోతుంది. పంతొమ్మిదే నిండినా, ఒక్కటీ నిండకపోయినా, తీగమీద నేను పరిగెత్తేది 2048 వేగంతోనే. శాతాలతో ఈ లెక్క చేసినవాళ్లంతా ఇక్కడే బోల్తా పడతారు.

అమెరికాలో నాకో దాయాది ఉన్నాడు, టీ1. ఇరవైనాలుగు గొంతులకు 192 బిట్లు, కేకకు ఒక్కటంటే ఒక్క బిట్టు, మొత్తం 1544 కిలోబిట్లు. పిసినారి! ఆ పిసినారితనానికి ఫోను కబుర్లు మొయ్యడానికి చోటు చాలక, ఆరో బండికొకసారి గొంతుల చివరి బిట్టే దొంగిలించేవాడు. అందుకే అక్కడ డేటాకు 64 అనుకున్న పెట్టెలో 56తోనే సరిపెట్టుకునేవారు. మా పెద్దింటి ఎస్‌టీఎం-1 దర్జా వేరు. మమ్మల్ని 63 మందిని మోస్తుంది. మా అందరిదీ కూడితే 129024 కిలోబిట్లు, ఆవిడ పరుగు 155520. ఆ తేడాలో సగానికి పైగా మా గడియారాలు ఒకదానితో ఒకటి కలవకపోయినా పడనివ్వకుండా పట్టుకోవడానికీ, దారి కాపలాకీ పోతుంది.

ఇప్పుడు ముసలాయన వరండాలో ఉన్నాను. నాకు 48 వోల్టులు కావాలి. పక్కింటి టోటోకి, అదే ఈ-రిక్షాకి, పన్నెండేసి వోల్టుల బ్యాటరీలు సరిగ్గా నాలుగుంటాయి. ఒక ఆదివారం వాటిని అడిగి తెచ్చి, ప్లస్సును ఎర్తుకు కట్టి నాకు ప్రాణం పోశాడు. ఎర్ర దీపం వెలిగింది. నేను కేక వేస్తూనే ఉన్నాను, అవతల ఎవరూ లేరు.

"పాడైపోయిందా తాతా?" అన్నాడు మనవడు.

"ఉండరా" అని చిన్న తీగముక్కలు రెండు తీసి, నా పోయే జతను తెచ్చి నా వచ్చే జతకే కలిపాడు. నా 0011011 నాకే వినపడింది. బండి విడిచి బండిలో, ఇంకోసారి.

ఎర్ర దీపం ఆరిపోయింది.