తేల్చని మామ

వేములపల్లిలో అద్దంకి-నార్కట్‌పల్లి రోడ్డు పక్కన ఏ చాయ్ హోటల్లో కూర్చున్నా ఒక మామ తగులుతాడు. వడ్ల ధర, ఎడమ కాల్వకు నీళ్లెప్పుడు వదులుతారన్న ముచ్చట, రెండూ అయిదు నిమిషాల్లో ముగించి అసలు పనిలోకి దిగుతాడు. యమహా ఆరెక్స్ హండ్రెడ్ గొప్పదా, హీరో హోండా సీడీ హండ్రెడ్ గొప్పదా? రెండూ 1985లో రోడ్డెక్కిన బండ్లే. ఆ లెక్క ఇప్పటికీ తేలలేదు. తేలితే మామ పొద్దు ఎట్లా పోవాలి?

మామకు ఉన్నది ఒకటే నియమం. ఎదుటివాడు ఏ బండి అంటే, తనది రెండోది.

ఏ కుర్రవాడో "ఆరెక్స్ పికప్పే వేరు మామా" అన్నాడా, మామ హోండా పార్టీలో చేరిపోతాడు. "పికప్‌ను ఏం జేస్కుంటవ్‌రా, నాకుతవా? మిర్యాలగూడ మిల్లుకాడ వడ్ల ట్రాక్టర్ ఎంట పొద్దుమూకిందాక తిరిగొచ్చినా సీడీ టాంకిల పెట్రోలు అట్లనే ఉండె. నీ యమహాకు పెట్రోలు ఒక్కటి సాలదు, మీదికెంచి ఆయిల్ గూడ తాగాలె!"

హోండా అభిమాని పొంగిపోయి మామకు చాయ్ చెప్పగానే కథ తిరగబడుతుంది. మామ గ్లాసును పిస్టన్ చేసి కిందికీ మీదికీ ఆడిస్తాడు. "సూడు. రెండు ఇంజన్లూ 100 సీసీకి జెర్రంత తక్కువనే. గని యమహాల క్రాంకు ఒక్క సుట్టు తిరిగితె ఒక దెబ్బ. హోండాల రెండు సుట్లకు ఒక దెబ్బ. అందుకే దీనికి 11 గుర్రాల బలం, దానికి 8 గూడ లేదు."

టూ స్ట్రోకు, ఫోర్ స్ట్రోకు తేడా ఇంతకన్నా తేటగా ఏ పాలిటెక్నిక్‌లోనూ చెప్పరు. కాకపోతే మూడో దెబ్బకు చాయ్ పక్కాయన లుంగీ మీద పడుతుంది. ఆయన ఎగిరి లేస్తే, "అగో, పికప్ అంటె గట్ల!" అంటాడు మామ.

1996లోనే ఆరెక్స్ తయారీ ఆగిపోయిందని గుర్తుచేసినా తొణకడు. "అయినా పోరగాళ్లు ఇయ్యాల ఎతికెతికి కొంటున్నరా లేదా? సీడీని ఎవడన్న ఎతుకుతుండా?" ఎదుటాయన పాపం ఔనని తలూపుతాడు. అంతే, మామ మళ్లీ గోడ దూకుతాడు. "పోతె గదా ఎతికేది! అది ఇంక నడుస్తనే ఉన్నది!"

ఈ బాధ పడలేక ఒకరోజు పోరగాళ్లంతా కూడబలుక్కుని వచ్చారు. "మామా, రెండూ మంచి బండ్లే. నువ్వేదంటె అదే" అన్నారు.

మామ ముఖంలో నెత్తురుచుక్క లేదు. ఒప్పుకునేవాళ్లతో బతికిన అలవాటు ఆయనకు లేదు. ఎటు దూకాలో తెలియక రోడ్డుకేసి చూశాడు, కప్పుకేసి చూశాడు. ఉన్నట్టుండి బల్ల చరిచాడు.

"మంచియే గని, ఈ రెండిటికన్న ముందు 1984లనే టీవీఎస్సోళ్లు సుజుకీ తేలేదా? మరి దాని లెక్క ఎవడు తేలుస్తడు, మీ తాతనా?"